ఎస్తేరమ్మ తలకు నూనె పెట్టుకున్న శుక్రవారాలు

2004వ సంవత్సరం, మార్చి నెల. నందికొట్కూరులో అప్పట్లో ఒక చిన్న మిషన్ ఆసుపత్రి ఉండేది. ఇప్పుడు మూతపడింది కాబట్టి దాని పేరుతో పని లేదు. అందులో ఆడవాళ్ళ వార్డుకు నేను ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. మాది కడప జిల్లా. నా పేరు కరుణ. పేరు పెట్టిన రోజున నేను ఉయ్యాల్లో ఉన్నాను కాబట్టి నా సంగతి మా అమ్మానాన్నలకు తెలిసే అవకాశం లేదు.

నాకు కోపం ఎక్కువ. సిగ్గుపడి చెబుతున్న మాట కాదిది. ఒక వార్డు సక్రమంగా నడవాలంటే ఎవరో ఒకరు అరవాలి, మా ఆసుపత్రిలో ఆ పని నాది. నేను గుమ్మంలో అడుగుపెడితే మంచాల కింద చెప్పులు వాటంతట అవే వరుసలో నిలబడతాయని డాక్టర్ సుధాకర్ నవ్వేవారు. ఆయన చిన్నవాడు, నెమ్మదస్థుడు. మిషన్ ఆసుపత్రి కదా, అందరూ ప్రేమగా ఉంటారనుకుని వచ్చేవాళ్ళు నన్ను చూసి కొంచెం తడబడేవాళ్ళు. ప్రేమ ఉంటే బెడ్‌పాన్ దానంతటదే శుభ్రం కాదు గదా.

ఆ నెలలో చేరింది ఎస్తేరమ్మ. అరవై దగ్గర వయసు. ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళో వీధి వీధీ తిరిగి అమ్మేది. పుంటికూర, చుక్కకూర, మెంతికూర. చెప్పుల్లేకుండా తిరిగితే అరికాలికి ఏదో గుచ్చుకుంది. షుగర్ ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ మందగిస్తుంది, గుచ్చుకున్నా తెలియదు. తెలిసేసరికి పుండు బొటనవేలి దాకా పాకింది. దీన్ని మేము డయాబెటిక్ ఫుట్ అంటాం. శనివారం శనివారం కర్నూలు నుంచి వచ్చే సర్జన్ గారు చూసి పెదవి విరిచారు.

"షుగర్ అదుపులోకి వస్తే పుండు మానుతుంది. రాకపోతే ఈస్టరు లోపల చీలమండ పైదాకా కాలు తీసెయ్యాలి" అన్నారు.

ఎస్తేరమ్మ ఏడవలేదు. కాలి వంక చూసుకుని, "కాలు పోతే గంపెట్ల పోతాది సార్, వీధిలోకి?" అని మాత్రం అడిగింది. కూతురు సలోమి మిరపకాయల గోడౌన్‌లో కూలి. అల్లుడు ఏటా పనికని బయటి జిల్లాలకు వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు ఒంటినొప్పులు తప్ప ఏమీ తెచ్చేవాడు కాదు. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ గంప తిరగాలి. కాలు నిలబెట్టాలని నేనూ పట్టుదలగా ఉన్నాను. నా వార్డులోకి రెండు కాళ్ళతో వచ్చినవాళ్ళు రెండు కాళ్ళతో వెళ్ళాలి. అది నా పౌరుషం.

వైద్యం మామూలే. పొద్దున డ్రెస్సింగ్, అంటే పుండు కడిగి కట్టు కట్టడం. దానికి ముందు ఇన్సులిన్. మేము వాడేది ప్లెయిన్ ఇన్సులిన్, సూది వేసిన అరగంటకు పనిచేయడం మొదలుపెడుతుంది. ఆ అరగంటలో రోగి కడుపులో తిండి పడాలి. తిండి పడకపోతే షుగర్ ఉన్నట్టుండి కిందికి దిగిపోతుంది, దాన్ని హైపో అంటాం. చెమటలు పట్టి, మాట తడబడి, మనిషి స్పృహ తప్పుతుంది. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. అందుకే సూది వేశాక నేను మంచం మంచం తిరిగి, "తిన్నారా?" అని అరిచి అడిగేదాన్ని. సలోమి పనికి పోతూ పొద్దున్నే క్యారియర్ ఇచ్చి పోయేది. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, ఒక్కోసారి చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి. నేను అడిగినప్పుడు ఎస్తేరమ్మ ఖాళీ క్యారియర్ పైకెత్తి చూపించేది. పక్క మంచం హుసేన్‌బీ, "అయిపాయ సిస్టరమ్మా, మొత్తం అయిపాయ" అని సాక్ష్యం పలికేది.

హుసేన్‌బీ గురించి కూడా చెప్పాలి. ఆమెకూ షుగరే. వీపు మీద లేచిన సెగ్గడ్డ కోయించుకోవడానికి చేరింది. భారీ మనిషి, భారీ గొంతు. ఇద్దరూ చేరిన రోజునే కిటికీ పక్క మంచం కోసం పోట్లాడుకుని, మర్నాటికి అక్కాచెల్లెళ్ళయ్యారు.

మొదటి గండం ఒక శుక్రవారం వచ్చింది. పదిన్నర ప్రాంతంలో డాక్టర్ గారితో రౌండ్స్‌లో ఉన్నాను. రోజూ ఆయన్ను చూడగానే "దేవుడు పంపిన బిడ్డ" అని దణ్ణం పెట్టే ఎస్తేరమ్మ ఆ రోజు ఎగాదిగా చూసింది.

"ఏందప్పా, మెడకు ఆ పలుపేంది? యాడ కట్టేసిన్నారు నిన్ను? తెంపుకోని వచ్చినావా?" అంది.

డాక్టర్ గారి చెయ్యి తెలియకుండానే మెడలోని స్టెతస్కోపు మీదికి వెళ్ళింది. అవతలి మంచాలవాళ్ళు కిసుక్కుమన్నారు. నేను ఆమె నుదురు తాకి చూశాను. చెమటతో తడిసి ముద్దయి ఉంది. గ్లూకోమీటర్ పెడితే షుగర్ అట్టడుక్కి వెళ్ళింది. వెంటనే నరంలోకి గ్లూకోజ్ ఎక్కించాం. కాసేపటికి కళ్ళు తెరిచి, చుట్టూ మా అందరినీ చూసి, "ఏమాయ సార్? అందరూ నిలబడినారు, ప్రార్థన చేస్తాండారా?" అని చేతులు జోడించి తానూ కళ్ళు మూసుకుంది.

డాక్టర్ గారు ఇన్సులిన్ మోతాదు తగ్గించారు. శనివారం షుగర్ చుక్కల్లోకి పోయింది. మోతాదు పెంచారు. రెండు రోజులు బాగానే ఉంది. బుధవారం మళ్ళీ పడిపోయింది. ఆ రోజు ఆమె తిట్టింది నన్ను, ఏమని తిట్టిందో ఇక్కడ రాయలేను. శుక్రవారం మళ్ళీ అదే తంతు. పైగా ఇంకో చోద్యం, ఎస్తేరమ్మకు పడిపోయిన రోజున హుసేన్‌బీకి పెరిగేది. ఈమెది తగ్గించి, ఆమెది పెంచి, మర్నాడు ఈమెది పెంచి, ఆమెది తగ్గించి, డాక్టర్ గారు పాపం తక్కెడ పట్టుకున్న కోమటి శెట్టిలాగా అయిపోయారు.

నేను ఊరుకుంటానా? ఇన్సులిన్ సీసాకు తగిన సిరంజీయే వాడాలి, గీతల కొలత వేరే ఉన్న సిరంజీ వాడితే మందు తక్కువో ఎక్కువో పడుతుంది. ఆ తప్పు జూనియర్ నర్సు రాణి చేసి ఉంటుందని ఆమె మీద పడ్డాను. సిరంజీలన్నీ సరైనవే. ఫ్రిజ్ కరెంటు పోయి మందు చెడిందేమోనని వార్డ్ బాయ్ మీద పడ్డాను. మందు బాగానే ఉంది. పెద్దావిడకు రెండు రోగాలు మారిమారి వస్తున్నాయేమోనని డాక్టర్ గారు కిడ్నీ పరీక్ష రాశారు. కిడ్నీలూ బాగానే ఉన్నాయి. బాగా లేనిది నా గొంతు ఒక్కటే, అరిచి అరిచి బొంగురుపోయింది. అటు పుండు మాత్రం మానడం మానేసింది. రెండో శనివారం సర్జన్ గారు వచ్చి, "ఇంకో వారం చూస్తాను, అంతే" అన్నారు.

ఇక్కడ పాఠకులకు ఒక అనుమానం రావచ్చు. అవి ఈస్టరు ముందరి నలభై శ్రమల దినాలు. మా క్రైస్తవుల్లో చాలామంది ఉపవాసాలుంటారు. ఆమాత్రం తోచలేదా అని. తోచకేం, నేనూ ఆ సంఘంలో పుట్టిపెరిగినదాన్నే. అసలు ఉపవాసం ఉన్నవాళ్ళను గుర్తుపట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరు. ముఖం వేలాడేసుకుంటారు. జుట్టు దువ్వరు. మంచినీళ్ళు ఇవ్వబోతే, "వద్దమ్మా, నేను ఉపవాసంలో ఉన్నాను" అని పది మందికి వినపడేలా గుసగుసలాడతారు. ఎస్తేరమ్మ అలా ఉంటేగా? మామూలు రోజుల్లో చింపిరి జుట్టుతో పడుకునే మనిషి, బుధ శుక్రవారాలు వచ్చాయంటే కొబ్బరినూనె పెట్టి నున్నగా దువ్వి కొప్పు వేసేది. ముఖం కడిగి పౌడరు అద్దేది. పాటలు కూనిరాగం తీసేది. "ఏమిటి ఎస్తేరమ్మా, పెళ్ళికూతురులా ఉన్నావు?" అని నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆ ఆదివారం గుడికి వెళ్ళాను. కరెంటు పోయింది. మా అయ్యగారు, అంటే మా పాస్టరు దానియేలు గారు, పెద్ద ప్రసంగీకులు. ఆయన ప్రసంగం మొదలుపెడితే నాకు అలసటంతా వచ్చి కళ్ళమీద కూర్చుంటుంది. ఆడవాళ్ళ వైపు చాప మీద గోడకు ఆనుకుని కునికిపాట్లు పడుతున్నాను. అంశం ఉపవాసం. ఉపవాసాన్ని ఊరంతా చాటుకునేవాళ్ళను ఆయన చెడామడా దులుపుతున్నారు. ప్రభువు కొండ మీద ఏమని బోధించాడు? పస్తున్నట్టు మనుషులకు కనపడకుండా తలకు నూనె రాసుకో, ముఖం కడుక్కో, నీకూ తండ్రికీ మధ్యే ఆ రహస్యం ఉండనీ అన్నాడు కదా అని బల్ల గుద్దారు.

తలకు నూనె. ముఖం కడుక్కో.

"అయ్యో దేవుడా! ఎస్తేరమ్మ!" అని గుడి దద్దరిల్లేలా అరిచి లేచి నిలబడ్డాను.

వెంటనే వెనక నుంచి ఎవరో "హల్లెలూయా!" అన్నారు. మగవాళ్ళ వైపు నుంచి "ఆమెన్, ఆమెన్" అని వినిపించింది. నా మీద ఆత్మ దిగిందనుకుని పక్కనున్న అయ్యగారమ్మ, అదే పాస్టరు గారి భార్య, నా చెయ్యి పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకుంది. కరుణ సిస్టర్‌కు ఇన్నాళ్ళకు హృదయం కరిగిందని అయ్యగారి ముఖం వెలిగిపోయింది. ఆ ఉత్సాహంలో ఇంకో అరగంట ప్రసంగించారు.

ఆశీర్వాదం కాగానే ఆయన్ను నిలదీసి సంగతి చెప్పాను. ఆయన వెలుగంతా ఆరిపోయింది. "నేను గత నెలలో కూడా ఇదే అంశం చెప్పానమ్మా. ముందు వరుసలో కూర్చుని విన్నది ఆమే" అన్నారు నీరసంగా. స్కూటర్ మీద ఆయన్ను ఎక్కించుకుని ఆసుపత్రికి బయల్దేరాను. స్కూటర్ నాదే, నడిపిందీ నేనే. దారి పొడుగునా ఆయన ప్రార్థన చేస్తూనే ఉన్నారు.

మేమిద్దరం మంచం దగ్గర నిలబడేసరికి ఎస్తేరమ్మకు అర్థమైపోయింది. గిరుక్కున హుసేన్‌బీ వైపు తిరిగింది.

"బూబమ్మా, చెప్పినావా?"

"తోబా తోబా! నేనెందుకు చెప్తా? రోజా ఉండేవాళ్ళ గుట్టు బయటేస్తే ఎంత పాపం!" అని హుసేన్‌బీ చెంపలేసుకుంది. "రొట్టె పారేస్తే పాపమని తిన్న్యా గానీ, నోరు మాత్రం తెరవలే."

రెండు షుగర్ల చిక్కు ఆ ఒక్క మాటతో వీడిపోయింది. బుధ శుక్రవారాల్లో ఆ రొట్టెలు ఎవరి కడుపులోకి పోయాయో తెలిసింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "గ్లూకోజ్ ఎక్కించామే, అప్పుడే నీ ఉపవాసం చెడిపోయింది కదా, తెలియదా?" అని అరిచాను.

"ఎట్ల చెడతాది? నరంలో ఎక్కిస్తిరి. నోట్లో పోలేదు గదా" అంది ఎస్తేరమ్మ. హుసేన్‌బీ గంభీరంగా తల ఊపింది. ఈ అంశం మీద వాళ్ళిద్దరూ ముందే చర్చించి తీర్మానం చేసుకున్నారన్నమాట.

అయ్యగారు గొంతు సవరించుకుని, "ఎస్తేరమ్మా, రోగులు ఉపవాసం ఉండనక్కర లేదమ్మా. నీ భక్తి దేవునికి తెలుసు. ఇక ఆపెయ్" అన్నారు.

"మొక్కుకునింది దేవునితో అయ్యగారూ. మీతో గాదు గదా."

"అది నిజమే గానీ..."

"ఇంగోటి. ఎవురికీ తెలియకుండా ఉండాలని మీరే చెప్తిరి. ఇప్పుడు మీకు తెలిసిపాయ, సిస్టరమ్మకు తెలిసిపాయ. ఇన్ని దినాలు ఉన్నిందంతా దండగైపాయ." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇంగ మల్లా మొదట్నించి ఉండాల."

అయ్యగారు నా వంక చూశారు. నేను అయ్యగారి వంక చూశాను. ఆమెను ఆపడానికి వచ్చి లెక్క మళ్ళీ మొదలుపెట్టించాం. "సిస్టర్, నువ్వే చూడు" అని ఆయన మెల్లగా జారుకున్నారు. ఆయన మీద నాకు జాలేసింది. తన ప్రసంగాన్ని పొల్లుపోకుండా ఆచరించిన ఒకే ఒక్క విశ్వాసిని చూసి ఏ బోధకుడూ అంత భయపడటం నేనెప్పుడూ చూడలేదు.

బలవంతంగా తినిపించవచ్చు. నా గొంతుకు అది పెద్ద పని కాదు. కానీ ఆమె భయపడి మింగి, నేను అటు వెళ్ళగానే దేవుడికి అన్యాయం చేశానని కుమిలిపోతే ఏ పుండు మానుతుంది? ఆ రోజు గదికి వెళ్ళి, ఎన్నాళ్ళుగానో తెరవని బైబిలు తెరిచాను. నిజం చెప్పాలంటే వాక్యం కోసం కాదు, ఆ ముసలిదాన్ని వాదనలో ఓడించడం కోసం. దేవుడు ఏ దారిన వచ్చినా లోపలికి రానిస్తాడేమో, నాక్కావలసింది దొరికింది.

మా ఆసుపత్రిలో పొద్దున డ్యూటీ మారేటప్పుడు వార్డులో ప్రార్థన ఉండేది. సిస్టర్లు వంతులవారీగా ఒక భాగం చదివి రెండు మాటలు చెప్పాలి. నా వంతు వచ్చినప్పుడు అన్నిట్లోకీ చిన్న కీర్తన చదివి, "అంతే" అని ముగించేదాన్ని. ఆ వారం నా వంతు బుధవారం. ఎస్తేరమ్మ నున్నగా నూనె పెట్టుకుని, కొప్పు వేసుకుని సిద్ధంగా ఉంది. సలోమి ఇచ్చిన క్యారియర్ మంచం పక్కన మూతతోనే ఉంది. సూది ఇంకా వేయలేదు, రాణిని ఆగమన్నాను.

ఏలీయా ప్రవక్త కథ చెప్పాను. ఆ దేశాన్నేలే రాణి చంపేస్తానంటే ఎడారిలోకి పారిపోయి, రేగుచెట్టు కింద పడుకుని, ఇంక నా ప్రాణం తీసెయ్ దేవా అన్నాడు. "అప్పుడు దేవుడు ఏం చేశాడు? దూతను పంపాడు. ఆ దూత వచ్చి ప్రసంగం చెప్పిందా? లేదు. పాట పాడిందా? లేదు. తట్టి లేపి, లే, తిను అంది. చూస్తే తలదగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్ళు. తిని మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి, లే, తిను, నీ ప్రయాణం చాలా దూరం అంది. ఆ తిండి బలంతోనే ఆయన నలభై పగళ్ళు, నలభై రాత్రులు నడిచాడు. ముందు రొట్టె. ఆ తర్వాతే నలభై దినాలు."

వార్డంతా నా వైపు తిరిగి కూర్చుంది. నేను అరవకుండా అంతసేపు మాట్లాడటం వాళ్ళెవరూ వినలేదు.

ఎస్తేరమ్మ ఆలోచనలో పడింది. "రెండుసార్లు తిన్న్యాడా?"

"రెండుసార్లు తిన్నాడు."

"నిప్పుల మీద కాల్చిందంటే జొన్నరొట్టేనా?"

"జొన్నరొట్టే అయ్యుంటుంది."

"సూది యేసిందా ఆ దూత?"

"ఆయనకు షుగర్ లేదు ఎస్తేరమ్మా!"

హుసేన్‌బీ కలగజేసుకుంది. "తినక్కా. మాలో గూడా జబ్బున్నోళ్ళకు రోజా మాఫీ. నీ రొట్టె తిని తిని నా సెగ్గడ్డ గూడా మానకపాయ."

ఎస్తేరమ్మ క్యారియర్‌ను దగ్గరికి లాక్కుంది, మళ్ళీ వెనక్కి నెట్టింది. ఆఖరికి, "తింటా. ఏలీయా కంటే నేను పెద్దదాన్నా? అయితే సిస్టరమ్మా, నా మొక్కు నేల పడకూడదు. అది నువ్వు మొయ్యాల" అంది.

"మోస్తాను. ముందు దేనికోసమో చెప్పు. నీ కాలి కోసమేగా?"

"కాలుకా? కాలు దేవుడిచ్చింది, ఉంచుకుంటే ఉంచుకుంటాడు, తీసుకుంటే తీసుకుంటాడు. దానికి ఉపాసమెందుకు?" అని, నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, నాకొక్కదానికే వినపడేలా అంది. "నీ కోపం తగ్గాలని మొక్కుకున్న్యా."

"నా కోపమా?" అన్నాను.

"నీ చెయ్యి శానా మంచిది తల్లీ. నా పుండు కడుగుతావు, సొంత కూతురు గూడా ముక్కు మూసుకుంటాది, నువ్వు మూసుకోవు. ఇట్లాంటి చెయ్యి పెట్టినోడు ఆ నోరెందుకు పెట్టినాడా అని బాధేసింది. నువ్వు ఒక్కదానివే ఉంటావు, ఎవురూ లేరు, అరిచి అరిచి రాత్రికి ఎట్ల నిద్ర పోతాదో ఈ బిడ్డ అని. అందుకే బుధ శుక్రవారాలు పట్టినా."

వెనక్కి తిరిగి చూసుకుంటే ఎంత చక్కటి ఏర్పాటో! నా కోపం తగ్గాలని ఆమె పస్తుంటుంది. పస్తుంటే షుగర్ పడిపోతుంది. పడిపోతే నేను ఇంకా అరుస్తాను. నేను అరిస్తే మొక్కు సరిపోలేదని ఆమె ఇంకా గట్టిగా పస్తుంటుంది. ఇంకో రెండు వారాలు అలాగే సాగితే నా కోపానికి ఆమె కాలు, ఆపైన ప్రాణం కూడా పోయి ఉండేది. ముందు నాకు ఒళ్ళు మండింది. నా కోపం గురించి దేవుడికి పితూరీ చెయ్యడానికి ఈమెవరు? ఆ మండటం లోపలే ఏమైందో తెలియదు, దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. నాకోసం ఒకరు ఒక పూట తిండి మానుకోవడం మా అమ్మ పోయాక అదే మొదటిసారి.

బయటికొచ్చి సూది వేశాను. ఆమె నా ఎదురుగా రొట్టె తుంచి నోట్లో పెట్టుకునేదాకా కదలలేదు.

ఒప్పందం ఏమిటంటే, ఆమె తింటుంది. బదులుగా బుధ శుక్రవారాలు నేను తిండి కాదు, అరుపులు మానుకుని ఉపవాసం ఉండాలి. పైగా ఆ సంగతి ఎవరికీ తెలియకూడదు.

ఇంతకంటే కఠినమైన ఉపవాసం ఏ భక్తుడూ చేసి ఉండడు. మొదటి శుక్రవారం రాణి థర్మామీటర్ పగలగొట్టింది. నేను "సర్లే, ఊడ్చెయ్" అన్నాను. అది వెళ్ళి డాక్టర్ గారి దగ్గర ఏడ్చింది, సిస్టర్ నన్ను తిట్టలేదు, ఉద్యోగం తీసేస్తారేమోనని. డాక్టర్ గారు వచ్చి, "సిస్టర్, ఒంట్లో బాగానే ఉందా? ఒకసారి బీపీ చూడనా?" అన్నారు. చూశారు కూడా. పళ్ళ బిగువున కూర్చున్నాను కాబట్టి బీపీ నిజంగానే ఎక్కువ వచ్చింది. మంచం మీద నుంచి ఎస్తేరమ్మ నన్ను గమనిస్తోంది. నేను నోరు తెరవబోయినప్పుడల్లా తన తల మీద నూనె రాసుకుంటున్నట్టు చేత్తో సైగ చేసేది. ముఖం ప్రసన్నంగా పెట్టుకోవాలని దాని అర్థం.

షుగర్ మాత్రం నిలకడకు వచ్చింది, ఇద్దరిదీ. సర్జన్ గారు శనివారం వచ్చి కట్టు విప్పి చూసి, "ఏం మందు మార్చారు?" అని అడిగారు. డాక్టర్ సుధాకర్ నా వైపు చూశారు. "టైముకు భోజనం సార్" అన్నాను. చెడిపోయిన బొటనవేలు మాత్రం తియ్యక తప్పలేదు. పాదం నిలిచింది. ఈస్టరు రోజున గుడిలో ఆమె నిలబడి పాడింది. అయ్యగారు ఆ రోజు భోజనపు బల్ల గురించి ప్రసంగించారు, ఉపవాసం మాట ఎత్తలేదు.

ఆ తర్వాత నా పనిలో ఒకటి మారింది. సూది వేశాక "తిన్నారా?" అని అడగడం మానేశాను. మొదటి ముద్ద నా కళ్ళ ముందు నోట్లోకి వెళ్ళాలి. నా కింద నేర్చుకున్న ప్రతి నర్సుకూ అదే నేర్పాను. ముఖం కళకళలాడుతోందని మనిషి బాగున్నట్టు అనుకోకండి, అలా ఉన్నవాళ్ళను ఇంకాస్త జాగ్రత్తగా చూడండి అని చెప్పాను.

కోపం పోయిందా అని అడుగుతారు. బుధ శుక్రవారాల్లో కోపం లేదు. మిగతా రోజులు మామూలే. ఎస్తేరమ్మ మెత్తటి చెప్పులతో మళ్ళీ గంప ఎత్తుకుంది. నెలనెలా చెకప్‌కు వచ్చేది, ఎప్పుడూ శుక్రవారమే వచ్చేది. తిట్లు పడవని తెలివి.

ఒక్కసారి మాత్రం బేస్తవారం వచ్చింది. ఆ పొద్దున నేను రాణి మీద అరిచాను. అది తిరిగి ఒక మాట అంది. నేను అలిగి, టిఫిన్ ముట్టుకోకుండా డ్యూటీ టేబుల్ మీద తల వాల్చుకుని కూర్చున్నాను. ఎవరో భుజం తట్టారు. తలెత్తితే ఎస్తేరమ్మ. గంప కింద పెట్టింది, కాళ్ళకు చెప్పులున్నాయి, తల చింపిరిగా ఉంది.

"ఈ రోజెందుకు వచ్చావు?" అన్నాను కసిరినట్టు.

"మొక్కు యాడికొచ్చిందో చూసి పోదామని." నా ముఖం వంకా, మూత తీయని నా డబ్బా వంకా చూసి నవ్వింది. గంపలోంచి గుడ్డ మూట తీసి విప్పింది. నిప్పుల మీద కాల్చిన జొన్నరొట్టెలు, ఊరిబిండి. ఒకటి తుంచి నా చేతిలో పెట్టింది. ఆమె ముందే తినొచ్చింది, నేను అడగక మునుపే ఆ మాట చెప్పింది. తర్వాత తలుపు దగ్గర బిక్కముఖంతో నిలబడ్డ రాణిని కూడా చేత్తో పిలిచి, దాని చేతిలో ఇంకో ముక్క పెట్టి, ఎదురుగా కూర్చుంది. నేను ఆమెను చూసినట్టే, నా మొదటి ముద్ద నోట్లోకి వెళ్ళేదాకా కదలనని ఆమె భంగిమలోనే తెలిసింది.

"లేసి తిను సిస్టరమ్మా" అంది. "నీ దావ ఇంగా శానా దూరముండాది."